ఘాట్ దిగే కరెంటు కారు

ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం



పంచాంగ శ్రవణం అయింది. పిల్లల పాటలు అయినవి. వెనుక వంటశాలలో పులిహోర కలుపుతున్న వాసన వస్తున్నది. ఇటువంటి సమయంలో మోటారు బండ్లను గురించి మాట్లాడడానికి నిలబడినవాణ్ణి మీరు ఎంతసేపు సహిస్తారో నాకు తెలుసు. అయినా కార్యదర్శిగారు పట్టుబట్టి ఈ పని నాకు పురమాయించారు గనుక, చెప్పవలసింది చెప్పి కూర్చుంటాను.

నేను కల్యాణ్‌లో రైల్వే గుమాస్తాను. మెట్రిక్ ప్యాసై ఉద్యోగంలో చేరినవాణ్ణే గాని ఇంజనీరును కాను. ఇంజన్లు నడిపేవారి డ్యూటీ కాగితాలు వ్రాయడం నా పని. రోజూ పదిమంది లోకో పైలట్లు నా బల్ల ముందు నిలబడి సంతకాలు పెడతారు. పెట్టేటప్పుడు నాలుగు మాటలు చెబుతారు. పన్నెండేళ్ళుగా వింటున్న ఆ మాటలే నా చదువు. ఇంకొక సంగతి కూడా ముందే చెప్పుకోవడం మర్యాద. నాకు కారు లేదు. కారు మా బావగారిది. పెట్రోలు ఊసు లేని కరెంటు కారు. ఆదివారాలలో ఆయన నిద్రపోతూ ఉంటే మా అక్కయ్యనూ పిల్లలనూ బజారుకు తిప్పే పని నాది. ఆ మాత్రం హక్కుతోనే మాట్లాడుతున్నాను.

మన సంఘంలో ఈ మూడు నాలుగేళ్ళలో కొన్ని కుటుంబాలవారు ఇటువంటి కార్లు కొన్నారు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు టాక్సీలుగా నడిపి పొట్ట పోసుకుంటున్నారు. పండుగలకు షోలాపూరుకూ, హైదరాబాదుకూ, అక్కణ్ణించి లోపలి ఊళ్ళకూ మనవాళ్ళు కార్లలోనే వెళ్ళి వస్తున్నారు. వెళ్ళేటప్పుడు ఖండాలా ఘాట్ ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎంత తరిగిందా అని ఇంటిల్లిపాదీ ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంటారు. దిగేటప్పుడు మాత్రం ఎవరికీ ఏ చింతా ఉండదు. నా మాటలన్నీ ఆ దిగడాన్ని గురించే.

కరెంటు కారులో ఒక విచిత్రం ఉన్నది. యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీయగానే బండిని ఎవరో వెనుకనుంచి పట్టి లాగినట్టు వేగం తగ్గుతుంది. బ్రేకు తొక్కనే లేదు. దీనినే రీజెనరేటివ్ బ్రేకింగు అంటారు. పలకడానికి బారెడు ఉన్నది కనుక రీజెన్ అని పిలుచుకుందాం. సంగతి మాత్రం సులభమే. పెద్దవారికి సైకిలు డైనమో జ్ఞాపకం ఉంటుంది. రాత్రి దీపం కోసం ఆ చిన్న సీసాకాయను టైరుకు ఆనిస్తే తొక్కడం బరువయ్యేది. చక్రం తిరిగే బలాన్ని అది తిని కరెంటుగా మార్చేది. ఆ తిన్న బలమే మన కాళ్ళకు బరువుగా తెలిసేది. కారులో ఉన్న మోటారు కూడా అంతే. కరెంటు పోస్తే చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తనను తిప్పితే కరెంటు పుట్టిస్తుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది, బండి నెమ్మదిస్తుంది. ఒకే యంత్రం పగలు కూలివాడు, రాత్రి కాపలావాడు అన్నమాట.

ఈ లాగే బలం ఎంత ఉండాలో నడిపేవాడు నిర్ణయించుకోవచ్చు. టాటావారి నెక్సాన్ ఈవీలో 0, 1, 2, 3 అని నాలుగు మెట్లు ఉన్నవి. 2020లో వచ్చిన మొదటి నమూనాలో ఈ సౌకర్యం లేదు. 2022లో మ్యాక్స్ అనే నమూనాతో వచ్చింది. 2023లో రూపు మార్చినప్పుడు మెట్లు మార్చడానికి స్టీరింగు వెనుక రెండు చిన్న రెక్కలు పెట్టారు. హ్యుండాయ్‌వారి కోనాకు 2019లోనే అటువంటి రెక్కలు ఉండేవి. 0 మీద పెడితే కాలు తీసినా బండి తన ఊపున తాను పోతుంది. 3 మీద పెడితే గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని కార్లలో కాలు తీస్తే పూర్తిగా నిలబడేదాకా కూడా తీసుకువస్తుంది. దానిని ఒంటి పెడలు నడక అంటున్నారు.

ఇక కొన్నవారిలో చాలామంది చేసేదేమిటంటే, మొదటిరోజే 3 మీద పెట్టి మళ్ళీ దాని జోలికి పోరు. అడిగితే, "అంకె ఎక్కువైతే కరెంటు ఎక్కువ వెనక్కు వస్తుంది కదండీ" అంటారు. బ్యాంకులో వడ్డీరేటు లాగా అనుకుంటారు. నాకు ఈ లెక్క మొదటినుంచీ గొంతులో ముల్లులాగా ఉన్నది. గుమాస్తా బుద్ధి కదా, జమాఖర్చు వేసి చూశాను.

మనుషులతో కలిపి కారు బరువు 1,700 కిలోలు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకున్నదంటే ఆ బండిలో చేరిన బలం యూనిట్లలో సుమారు 0.066. యూనిట్ అంటే మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్టే. ఆ బలం చేర్చడానికి బ్యాటరీనుంచి 0.075 దాకా ఖర్చవుతుంది, ఎందుకంటే దారిలో మోటారూ తీగలూ కొంత మింగుతాయి. ఎర్రదీపం కనబడి రీజెన్‌తో ఆపితే మళ్ళీ దారిలో మింగుడు పోను తిరిగి చేరేది 0.046 దాకా ఉంటుంది. అంటే వేగం అందుకోవడానికి వంద రూపాయలు పెట్టిన మనిషికి ఆగినప్పుడు అరవై రూపాయలు చేతికి వస్తున్నవి. నలభై పోయినవి. మామూలు బ్రేకు వేస్తే వందా పోతుంది, కాబట్టి అరవై గొప్పే. కాని దూరాన దీపం ఎర్రగా ఉన్నదని చూసి ముందుగానే కాలు సడలించి, ఊపు మీద మెల్లగా పోనిచ్చి, అది పచ్చగా మారేవేళకు చేరుకున్నవాడు ఆగనే లేదు. పెట్టిన వందా దారి నడవడానికే పనికివచ్చింది. వడ్డీ వచ్చేది ఆగినవాడికి కాదు, ఆగకుండా నడిపినవాడికి.

అందుచేత పొడుగైన రోడ్డు మీద, ముందు ఎవరూ లేనిచోట, 0 గాని 1 గాని మేలు. 3 మీద పెట్టుకున్నవాడు కాలు కాస్త సడలిస్తే చాలు బండి పట్టుకుంటుంది, మళ్ళీ తొక్కుతాడు, మళ్ళీ పట్టుకుంటుంది. ప్రతిసారీ ఆ నలభై రూపాయల కమిషను చెల్లిస్తూనే ఉంటాడు. అదే కల్యాణ్ నుంచి ఠాణాకు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళేవాడికి 2 గాని 3 గాని సుఖం. అక్కడ ఎలాగూ పది గజాలకొకసారి ఆగవలసిందే, అరవై అయినా దక్కుతుంది, బ్రేకు పెడలు మీద కాలు అరగకుండా ఉంటుంది. అలవాటు పడినవాడు 3 మీద కూడా మెత్తగా నడపగలడని నేను ఒప్పుకుంటాను. కాలును పూర్తిగా ఎత్తివేయకుండా వీణ తీగ మీద వేలులాగా ఆనించి ఉంచాలి. అంత ఓపిక మనలో ఎందరికి ఉన్నది?

ఇప్పుడు ఘాట్ మాట.

మన కల్యాణ్ దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి కసారా మీదుగా ఇగత్‌పురికి, రెండవది కర్జత్ మీదుగా లోణావళాకు. రెండుచోట్లా ఘాట్ ఉన్నది, రెండుచోట్లా 37 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కాలి. పూనా వైపు ఈ దారికి 1929లోనూ, ఇగత్‌పురి వైపు 1930లోనూ కరెంటు తీగలు వచ్చినవి. కర్జత్‌లో చాలా బండ్లకు వెనుక బ్యాంకరు ఇంజన్లు తగిలించి నెట్టిస్తారు. ఎక్కడానికి ఇంత హంగామా. కాని మా పైలట్లను అడగండి, వారు భయపడేది ఎక్కడానికి కాదు. ఎక్కలేకపోతే బండి నిలబడిపోతుంది, కంట్రోలుకు ఫోను చేస్తే ఇంకొక ఇంజను వస్తుంది. దిగేటప్పుడు నిలబడలేకపోతే ఎవరికి ఫోను చేస్తారు? అందుకే ఘాట్‌లో క్యాచ్ సైడింగులు అని ఉన్నవి. అదుపు తప్పిన బండిని పక్కకు మళ్ళించి ఎదురు ఎక్కుడులోకి పంపే పట్టాలు అవి.

ఇప్పటి డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-7 ఇంజన్లు దిగేటప్పుడు రీజెన్‌తోనే దిగుతాయి. 2007 నుంచి మన లోకల్ బండ్లలో వచ్చిన త్రీఫేజ్ రేకులు కూడా స్టేషను దగ్గరపడగానే కరెంటును తీగకు తిరిగి ఇస్తాయి. ఢిల్లీ మెట్రోవారు ఇదే పనికి ఐక్యరాజ్యసమితి దగ్గర కార్బన్ క్రెడిట్లు కూడా నమోదు చేయించుకున్నారు. ప్రపంచంలో రైలు పథకాలలో అదే మొదటిది. అయితే రైలు ఇచ్చిన కరెంటు ఎక్కడికి పోతుంది? ఇక్కడే కిటుకు ఉన్నది. అది తీగలోకి పోతుంది. అదే తీగ కింద ఇంకొక బండి ఎక్కుతూ ఉంటే అది తాగుతుంది. పాత రోజుల్లో మన దారిలో 1,500 వోల్టుల డీసీ తీగ ఉండేది. ఆ పద్ధతిలో మామూలు సబ్‌స్టేషను కరెంటు ఇవ్వగలదే గాని తిరిగి పుచ్చుకోలేదు. కాబట్టి దగ్గరలో తాగే బండి లేకపోతే ఇచ్చే కరెంటుకు చోటు లేదు. చోటు లేకపోతే ఆ మేరకు రీజెన్ పనిచేయదు. 2016 నాటికి బొంబాయి ప్రాంతమంతా 25,000 వోల్టుల ఏసీ అయింది. ఇప్పుడు తాగే బండి దగ్గర లేకపోయినా కరెంటు గ్రిడ్డులోకి పోగలదు. గ్రిడ్డు అంటే సముద్రం లాంటిది, ఎంత పోసినా పట్టుకుంటుంది.

కారుకు తీగ లేదు, గ్రిడ్డు లేదు, పక్కన ఎక్కే బండితో సంబంధం లేదు. దానికి ఉన్నదల్లా తన కడుపులో ఉన్న బ్యాటరీ ఒక్కటే. ఆ బ్యాటరీ నిండి ఉంటే, తాగేవాడు లేడు. తాగేవాడు లేకపోతే రీజెన్ లేదు, లేదా బాగా తగ్గిపోతుంది. మీరు 3 మీద పెట్టుకున్నా, అంకె 3 అనే చూపిస్తున్నా, పట్టు మాత్రం ఉండదు. నేను ఇవాళ ఈ బల్ల దగ్గరకు వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికి.

పోయిన దీపావళికి మా బావగారు షోలాపూరునుంచి తిరిగివస్తున్నారు. బండిలో మా అక్కయ్య, వాళ్ళ అత్తగారు, పిల్లలిద్దరు. లోణావళా దగ్గర భోజనానికి ఆగి, తిని లేచేలోగా ఎక్కుతుందిలే అని ఛార్జరుకు తగిలించారు. జనం ఎక్కువగా ఉండి భోజనం ఆలస్యమైంది. వచ్చి చూస్తే నూటికి నూరు నిండి ఉన్నది. "హమ్మయ్య, ఇక ఇంటిదాకా బెంగ లేదు" అన్నది మా అక్కయ్య. బయలుదేరారు. ఖండాలా దాటి దిగుడు మొదలైంది. మా బావగారు రెండేళ్ళుగా 3 మీదనే నడుపుతున్నారు. బ్రేకు పెడలును ఆయన దాదాపు మరచిపోయారనే చెప్పాలి. మలుపు దగ్గర అలవాటు ప్రకారం కాలు ఎత్తారు. బండి పట్టుకోలేదు. పట్టుకోకపోగా ఇంకా ఊపందుకుంటున్నది. ముందు ఒక లారీ. డ్యాష్‌బోర్డు మీద రీజెన్ పరిమితమైందని చిన్న అక్షరాలతో ఏదో వచ్చిందట, ఆ క్షణంలో అక్షరాలు చదివేది ఎవరు?

కంగారుపడకండి. బ్రేకు తొక్కారు, బ్రేకు పడింది. ఏమీ జరగలేదు. కారులో లోపమూ ఏమీ లేదు, బ్యాటరీ నిండితే అలాగే ఉంటుందని దానితో ఇచ్చిన పుస్తకంలో వ్రాసి ఉన్నది. కాని అక్కడనుంచి కిందిదాకా ఆయన బ్రేకు మీద కాలు తీయలేదు. ఖోపోలీ చేరేసరికి కాలిన వాసన. అత్తగారు, "ఏమిటి నాయనా ఆ వాసన?" అని అడిగితే, "ముందు లారీదిలేమ్మా" అన్నారట. వెడల్పైన చోటు చూసి బండి పక్కకు ఆపి, పిల్లలకు బిస్కట్లు ఇప్పించి, అరగంట కూర్చున్నారు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి, "ఏరా, మీ రైలు ఇంజన్లకు కూడా ఇలాగే అవుతుందా?" అని అడిగారు. నేను తీగ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఈ కథ సభలో చెప్పడానికి ఆయన అనుమతి ఉన్నది, పేరు చెప్పవద్దన్నారు. ఆయన మూడవ వరుసలో కూర్చున్నారు, అటు చూడకండి.

ఆ వాసన ఎందుకు వచ్చిందో మళ్ళీ లెక్క వేసి చూద్దాం. ఖండాలానుంచి ఖోపోలీకి సుమారు 500 మీటర్ల దిగుడు, దారి పదమూడు కిలోమీటర్లు అనుకుందాం. 1,700 కిలోల బండి అంత ఎత్తునుంచి దిగితే విడుదలయ్యే బలం 2.3 యూనిట్లు. అందులో టైర్ల రాపిడి, గాలి కలిసి 0.9 తింటాయి. మిగిలింది 1.4. ఆ 1.4 ఎక్కడికో పోవాలి. రీజెన్ ఉంటే అది మోటారు గుండా బ్యాటరీలోకి పోయి, దారి ఖర్చులు పోను ఒక యూనిట్ దాకా చేరుతుంది. రీజెన్ లేకపోతే మొత్తం బ్రేకు డిస్కుల మీద వేడిగా పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే ఇరవై నిమిషాల పని. ఇరవై నిమిషాలలో 1.4 యూనిట్లంటే, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నాలుగు చక్రాలకు నాలుగు కట్టి, ఆ ఇరవై నిమిషాలూ ఆపకుండా కాల్చినట్టు. వాసన రాకేం చేస్తుంది? పెట్రోలు కారువాడు రెండవ గేరులో వేస్తే ఇంజను కొంత పట్టుకుంటుంది. కరెంటు కారుకు ఆ రెండవ గేరు రీజెనే. అది లేదంటే రెండవ గేరు లేనట్టే.

కాబట్టి చేయవలసింది ఇంతే. లోణావళాలో గాని ఖండాలాలో గాని ఛార్జరుకు తగిలించినవారు నిండేదాకా ఉంచవద్దు. ఘాట్‌లో చేరేది ఒక్క యూనిట్, 30 యూనిట్ల బ్యాటరీలో అది మూడు శాతం పైచిలుకు. అయితే సరిగ్గా అంత చోటు వదిలితే చాలదు. నిండవచ్చే వేళకు బ్యాటరీ జోరుగా పుచ్చుకోలేదు, నిండు బిందెలో చివరి చెంబెడు నీళ్ళు మెల్లగా పోసినట్టే. 85 దగ్గర తీగ పీకివేయడం క్షేమం. ఎలాగూ ఇంటికి దిగుడే కదా, ఎక్కించుకున్నదానికి ఎక్కువ పని కూడా లేదు. హిమాలయాల వంటి చలిచోట్ల బ్యాటరీ చల్లబడి ఉన్నా రీజెన్ ఇలాగే తగ్గుతుంది. మనకు ఆ బాధ లేదు, చెప్పడం మాత్రం నా ధర్మం.

రెండవది, దిగుడు మొదలు కాకముందే, సమతలంలో ఉండగానే, 3 మీద పెట్టి ఒకసారి కాలు ఎత్తి చూడండి. పట్టు తెలుస్తుంది. తరువాత బ్రేకు కూడా ఒకసారి మెల్లగా తొక్కి చూడండి. మా పైలట్లు ఘాట్ దిగే ముందు బ్రేకు బలం చూసుకోకుండా కదలరు. రీజెన్ ఉన్న ఇంజన్లు వచ్చినవి కదా అని రైల్వేవారు గాలిబ్రేకులు పీకివేయలేదు. పట్టు సరిగా ఉంటే 3 మీద ఘాట్ దిగడం హాయి, కాలు బ్రేకు మీదకు ఎప్పుడో గాని పోనక్కరలేదు, డిస్కులు చల్లగా ఉండి అవసరానికి సిద్ధంగా ఉంటాయి. వెయ్యేళ్ళు చెప్పినా నేను ఘాట్‌లో 3 వద్దనను. నగరం బయట 0, ఘాట్‌లో 3. అంకె ఎక్కువ పెట్టవలసిన అసలు చోటు అదే.

మూడవది పాత డ్రైవర్లకు. దిగుడులో న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగుల్చుకున్నామని మురిసే అలవాటు కొందరికి ఉన్నది. పెట్రోలు బండిలోనే అది ప్రమాదం. కరెంటు కారును న్యూట్రల్‌లో వేస్తే రీజెన్ పూర్తిగా పోతుంది. అంటే కరెంటు మిగలకపోగా బ్రేకులు కూడా కాలతాయి. రెండు విధాలా నష్టం.

ఘాట్ విషయానికి ఎక్కువసేపు తీసుకున్నాను. మిగిలినవి గబగబా చెప్పివేస్తాను.

వెనుక సీటులో కూర్చునేవారిని గురించి ఎవరూ ఆలోచించరు. టాక్సీ నడిపే మన కుర్రవాడొకడు చెప్పాడు. ఒక ముసలమ్మగారిని పన్వేల్ తీసుకువెళుతుంటే సగం దారిలోనే ఆమెకు కడుపులో తిప్పి బండి ఆపించిందట. "నువ్వు బాగానే నడుపుతున్నావు బాబూ, నీ బండే ఉయ్యాలలాగా ఊగుతున్నది" అన్నదట. 3 మీద కాలు ఎత్తినప్పుడల్లా తల ముందుకు, తొక్కినప్పుడల్లా వెనక్కు. నడిపేవాడికి తన కాలు సంగతి ముందే తెలుసు కాబట్టి ఒళ్ళు సర్దుకుంటుంది. వెనుక ఉన్నవారికి తెలియదు. అతడు అప్పటినుంచి పెద్దవాళ్ళు ఎక్కితే 1 మీద పెడుతున్నాడు, మళ్ళీ ఎవరికీ తిప్పలేదట. గర్భిణులు, పసిపిల్లలు, తిని బయలుదేరినవారు, వీరందరికీ 1 చాలు. పొదుపయ్యే కరెంటు కంటే సీటు కడిగించే కూలి ఎక్కువ.

వానాకాలంలో మన రోడ్లు మీకు నేను చెప్పాలా? మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే చిన్నకార్లలో మోటారు ముందు చక్రాలను తిప్పుతుంది. రీజెన్ కూడా ఆ రెండు చక్రాలనే పట్టుకుంటుంది. తడిరోడ్డు మీద, నూనె కారినచోట, మలుపులో ఉండగా ఠక్కున కాలు ఎత్తితే ఆ రెండు చక్రాలూ జారవచ్చు. ఏబీఎస్ వంటి సాధనాలు సర్దుతాయి, నిజమే. సర్దుతాయని తెలిసి జారడం మాత్రం ఎందుకు? వానలో ఒక మెట్టు తగ్గించి, కాలు మెల్లగా తీయడం మంచిది. వానలో ఘాట్ దిగవలసివస్తే అసలు వేగమే తగ్గించుకుని దిగాలి.

వెనుక వచ్చే బండివాడి సంగతి ఇంకొకటి. మనం బ్రేకు తొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. రీజెన్‌తో నెమ్మదిస్తే వెలుగుతుందా? గట్టిగా నెమ్మదిస్తే వెలుగుతుంది, మెల్లగా అయితే వెలగదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం సెకనుకు 1.3 మీటర్ల చొప్పున, అంటే ప్రతి సెకనుకూ సుమారు 5 కిలోమీటర్ల వేగం తగ్గితే దీపం వెలగి తీరాలి. 0.7 మీటర్లు, దానికి తక్కువ అయితే వెలగకూడదు. మధ్యలో కంపెనీ ఇష్టం. అందుచేత 1 మీద నెమ్మదించేటప్పుడు వెనుక ఆటోవాడు అంటుకుని వస్తుంటే, బ్రేకును వేలితో తాకినట్టు తాకితే వాడికి తెలుస్తుంది. ఖర్చులేని మర్యాద.

మనం సముద్రానికి దగ్గరగా ఉన్నాం. ఉప్పుగాలి, నాలుగు నెలల వాన. రీజెన్ మీదనే నడిచే బండికి బ్రేకు డిస్కులు వాడుక లేక తుప్పు పడతాయి. వాడని కత్తి తుప్పు పట్టదా? వారానికి ఒకసారి, వెనుక ఎవరూ లేనిచోట, 0 మీద పెట్టి అసలు బ్రేకుతో నాలుగైదుసార్లు నెమ్మదించండి. డిస్కులు శుభ్రపడతాయి. అంతకంటె ముఖ్యం, మీ కాలుకు ఆ పెడలు ఎక్కడున్నదో జ్ఞాపకం ఉంటుంది. మా బావగారి కాలు రెండేళ్ళలో మరచిపోయింది అదే.

చివరగా ఇంట్లో ఒకే కారును ఇద్దరు ముగ్గురు నడిపేవారికి. ఉదయం కొడుకు 3 మీద ఆఫీసుకు వెళ్ళి వస్తాడు. సాయంత్రం తండ్రి అదే బండి తీసి కాలు ఎత్తగానే ముక్కు స్టీరింగుకు తగులుతుంది. లేదా దానికి తలక్రిందులు: తండ్రి 0 మీద వదిలిన బండిని కొడుకు తీసి, పట్టుకుంటుందనుకుని గేటుదాకా పోనిస్తాడు. ఆపివేసి మళ్ళీ తీస్తే కొన్ని కార్లు పాత అంకెనే ఉంచుతాయి, కొన్ని తమ ఇష్టం వచ్చిన అంకెకు పోతాయి. మీ కారు ఏ జాతిదో ఒకసారి చూసుకోండి. మా దగ్గర ఒక పైలట్ ఇంజను అప్పగించి ఇంకొకరు పుచ్చుకునేటప్పుడు లాగ్ బుక్ చదవకుండా సంతకం పెట్టరు. ఇంట్లో లాగ్ బుక్ పెట్టమనడం లేదు. సీటులో కూర్చోగానే బెల్టు పెట్టుకుని, ఆ అంకె ఎంత ఉన్నదో పైకి చదవండి. మా అక్కయ్యగారి పెద్దపిల్లకు పదేళ్ళు. ఈ చదివే పని ఇప్పుడు దానిది. "మామయ్యా, రెండు" అని అరిచేదాకా నన్ను కదలనివ్వదు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి మా బావగారి కారు ఈ సంఘ భవనం వెనుక మైదానంలో ఉంటుంది. 0 నుంచి 3 దాకా ఒక్కొక్క అంకె మీద కాలు ఎత్తి చూడదలచినవారు రావచ్చు. లైసెన్సు తెచ్చుకోవాలి. స్త్రీలు తప్పక రండి, కిందటిసారి పురుషులే వచ్చి వంతులకు పోట్లాడుకున్నారు. లైసెన్సు లేని పెద్దవారు వెనుక సీటులో కూర్చుని ఏ అంకె మీద కడుపు తిప్పిందో చెబితే చాలు, అదీ మాకు కావలసిందే.

పులిహోర సిద్ధమైందని చేయి ఊపుతున్నారు.